బాబా తూటాల పొడవు

అరబ్బు దేశంలో, ముబారక్ అల్ కబీర్‌లో నేను పనిచేసే ఇంటి పెద్దాయనను బాబా అంటాం. ఆయనకు తుపాకీ గురి పోటీల పిచ్చి. కాల్చాక మిగిలిన ఇత్తడి తొడుగులను పారేయరు. ఇంటికి తెచ్చి, మళ్లీ మందు నింపుకుంటారు. ఎన్నిసార్లు కాల్చినవో రాసి, నాలుగు డబ్బాల్లో విడివిడిగా పెట్టుకుంటారు.

నాకు చెప్పింది ఆ బల్ల మీద దుమ్ము తుడవమని మాత్రమే. నల్లబడ్డ ఇత్తడి కనిపిస్తే నా చేతులు ఊరుకుంటాయా? కడపలో దీపపు కుందులు తోమినట్టే, నాలుగు డబ్బాలూ ఒకే బకెట్‌లో గుమ్మరించి చింతపండుతో తోమేశాను. మిద్దె మీద ఆరబెడితే తళతళలాడాయి. మెచ్చుకుంటారని తెగ మురిసిపోయాను.

వంట చేసే రాయచోటి అక్క పైకొచ్చి తల పట్టుకుంది.

"ఏం పని చేసినావు మే? ఏ డబ్బాలోవి ఏవో ఇప్పుడెట్ల తెలుస్తాది?"

"అన్నీ ఒకతీరుగానే ఉండాయి కదక్కా."

"ఆ మాట బాబాకు చెప్పుపో. రేపే నిన్ను విమానం ఎక్కిస్తాడు."

నా కూతురి నర్సింగు చదువు ఇంకా రెండేళ్లుంది. ఈ పని పోతే అదీ ఆగిపోతుంది.

బాబా చూశారు. అరవలేదు, అందుకే ఇంకా భయమేసింది. నన్ను కూర్చోబెట్టి, ఒక తొడుగు చేతిలో పెట్టి వివరించారు. కాల్చినప్పుడు ఇత్తడి ఉబ్బుతుంది. దాన్ని మళ్లీ అచ్చులో నొక్కితే లోహం మూతివైపు జరిగి, తొడుగు వెంట్రుకవాసి సాగుతుంది. పిడికిట్లో నొక్కిన పిండిముద్ద సాగినట్టే. మరీ పొడవైతే తుపాకీ లోపల మూతి ఇరుక్కుని తూటాను బిగించేస్తుంది. ఒత్తిడి పెరిగి, కాల్చేవాడి ముఖానికే ప్రమాదం. ఏవి పాతవో, ఏవి కోయాలో డబ్బా చూసే ఆయనకు తెలిసేది. మెరుగు పెట్టానని మురిసిన నేను ఆయన కళ్లకే ఎసరు పెట్టానని అర్థమై ఏడుపొచ్చింది.

"ఇక అన్నీ ముసలివే అనుకుందాం," అన్నారు అరబ్బీలో. కొలిచే కాలిపర్ నా చేతికిచ్చారు. "యల్లా, మొదలుపెట్టు."

రెండు వందల తొడుగులు. ఆయన అచ్చులో నొక్కుతారు, నేను కొలుస్తాను. తెర మీద యాభై ఒకటి పాయింట్ ఒకటి ఎనిమిది మిల్లీమీటర్లు దాటితే పక్కన పెడతాను. వాటిని చిన్న మరలో తిప్పి మూతి కోస్తారు. మూడు రోజులు నేను కొలిచిన ప్రతిదాన్నీ ఆయన మళ్లీ కొలిచారు. ఒక్కటీ తప్పు దొరకలేదు. నాలుగో రోజు కొలవడం మానేశారు.

పోటీ రోజు, మేం మామా అని పిలిచే ఆయన భార్య బాబాను గుమ్మంలో ఆపి, అన్నీ సరిచూసుకున్నావా అని అడిగింది.

"ఈమె కొలిచింది కదా," అని నావైపు చూపించి బాబా కారెక్కారు.

గర్వంతో పొంగిపోయాను, ఆ వెంటనే భయం పట్టుకుంది. పొద్దుటినుంచి మెతుకు ముట్టకుండా మిద్దె మీదే నిలబడ్డాను. మధ్యాహ్నం కారు గేటు దగ్గర ఆగింది. బాబా దిగి తల పైకెత్తారు. ముందు ఆయన రెండు కళ్లూ చూశాను. నవ్వుతున్నాయి. అక్కడే కూలబడి బావురుమన్నాను.