రెండు రంగులకు లొంగని వీరభద్రప్ప అయ్యవారు

వీరభద్రప్ప అయ్యవారు ఇక లేరన్న వార్త నాకు ఆదోని బస్టాండులో తెలిసింది. ఎమ్మిగనూరు బస్సు దిగుతూనే కండక్టరు, ఆయన పాత శిష్యుడే, నా దగ్గరికి వచ్చి "అయివారు పోయినారన్నా" అన్నాడు. నమ్మబుద్ధి కాలేదు. పోయిన సంతనాడే నా భుజం మీద చేయి వేసి, "ఈ యేడు పత్తి బాగొస్తాదప్పా" అన్న మనిషి. తిరిగి ఎమ్మిగనూరు పోయే అదే బస్సు ఎక్కి కూర్చున్నాను.

ఆదోని ఉన్నత పాఠశాలలో చిరకాలం భూగోళశాస్త్రం బోధించిన ప్రాజ్ఞుడాయన. నేను మొదట ఆయన శిష్యుణ్ణి, తరువాత అదే బడిలో సహోపాధ్యాయుణ్ణి. ఆయన సద్గుణాలను కీర్తించడానికి ఇప్పుడు చాలామంది కలాలు పట్టారు. ఆయన జీవించి ఉండగా వారిలో సగంమంది ఆయన ఎదురుపడితే వీధి మారేవారు. ఈ మాట దాచిపెట్టి సంస్మరణ రాయడం నాకు చేతకాదు.

వారిది ఎమ్మిగనూరు, కన్నడం మాట్లాడే లింగాయతు కుటుంబం. ధర్మపత్ని గౌరమ్మగారిది సిరుగుప్ప. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, అంగడివీధిలో ఉర్దూ. ఏ భాషలోనైనా ఆయన హాస్యం ఒకటే, కోపం ఒకటే. మా ప్రాంతంలో ఇది వింతేమీ కాదు. వింత అనుకునే రోజులు తరువాత వచ్చాయి.

ప్రతి శ్రావణంలోనూ ఆయన మమ్మల్ని ఉరుకుంద ఈరన్న జాతరకు తీసుకుపోయేవారు. మొక్కులు తీర్చుకోవడానికి కాదు, పాఠానికి. బండ్లు విప్పుకుని వంటలు చేసుకుంటున్న వారి దగ్గర కూర్చోబెట్టి, ఏ నేల మీద ఏ పంట, ఏ ఊరికి ఏ ఊరితో వియ్యం అని మా చేత అడిగించేవారు. చివరి ప్రశ్న మాత్రం తామే వేసేవారు: "మీ ఇంట్లో ఎవురన్నా పోతే ఏ భాషలో ఏడుస్తారప్పా?"

ఆస్పరి పక్క రైతు ఒకాయన ఆ ప్రశ్నకు తల గోక్కుని, "మాయమ్మ కన్నడంలో ఏడుస్తాది సామీ, నా పెండ్లాము తెలుగులో ఏడుస్తాది. నేను ఆ ఇద్దరినీ ఊరుకోబెడతా" అన్నాడు. దూదేకుల మాబున్ని అని ఒకామె అయ్యవారి ఇంటి పక్కనే కాపురం ఉండేది, ఆమె "మాకు తెలుగు తప్ప ఏడుపే రాదు కదయ్యా" అనేది. ఇదేం ప్రశ్న అని నేనొకసారి అడిగాను. "నీ భాష ఏదిరా అంటే ఎవుడైనా అడిగినోని మొగం చూసి సెప్తాడు. సావింట్లో మొగాలు చూసే తీరిక ఎవురికీ ఉండదు" అన్నారు.

అప్పటికి ఆదోని కూడా ఉన్న బళ్ళారి జిల్లాను ఆంధ్రకూ మైసూరుకూ రెండు ముక్కలు చేసే కాలం వచ్చింది. మా పట్టణంలో ఒక సరిహద్దు సంఘం పుట్టింది. విచారణకు వచ్చే అధికారికి చూపడానికి రెండు రంగుల పటం కావాలని ఆ సంఘం పెద్దలు అయ్యవారి దగ్గరికి వచ్చారు. తెలుగు ఊళ్ళకు పసుపు, కన్నడ ఊళ్ళకు ఎరుపు. తురకలనూ దూదేకులవారినీ ఏం చేయాలో వారికి తెలియదు. వారుండే ఊళ్ళకు కూడా పసుపే పూసేయమన్నారు.

అయ్యవారు వారికి మజ్జిగ ఇప్పించి నిదానంగా చెప్పారు: "పటంలో ఊరు ఒక సుక్క అప్పా. ఆ సుక్కలో మా ఇల్లుంది. బడిలో తెలుగు మాట్లాడతానని నాకు పసుపేస్తే నా పెండ్లానికి ఏం రంగేస్తారు? పొయ్యికి ఆపక్క, ఈపక్క గీత గీయమంటారా?"

సంఘం కార్యదర్శి, పత్తి మిల్లు వాటాదారు, నవ్వలేదు. "మీరు గీయకుంటే మీరెవురి మనిషో తెలిసిపోతాది" అని లేచాడు. మరునాటికి అయ్యవారి గోడ మీద 'కన్నడ గూఢచారి' అని తారుతో రాసి ఉంది. వారం తిరగక ముందే బళ్ళారి నుంచి ఎరుపు కోరేవారు దిగారు. వారికీ మజ్జిగా ఆ మాటలే దక్కాయి. వారు ఆయనకు 'తెలుగువాళ్ళకు అమ్ముడుపోయినవాడు' అని బిరుదమిచ్చి వెళ్ళారు.

ఆదోని ఆంధ్రలో చేరింది. నాకూ సంతోషమే. కాని ఆ సంబరం ఆరకముందే ఆయన చేతిలోనుంచి భూగోళం తీసేసి, చిన్న తరగతులకు నీతిపాఠాలు అప్పగించారు. ప్రధానోపాధ్యాయ పదవి ఆయన దగ్గర చదువుకున్నవాడికి దక్కింది. మైసూరుకు పోయి అడుక్కోవచ్చు కదా అని ఉపాధ్యాయుల గదిలోనే అన్నారు. నేను మండిపడితే ఆయనే నన్ను సముదాయించారు. "భూగోళం యాడికీ పోదు లేప్పా. పోయేది నేనే."

ఆయన అన్నట్లే అయింది. ఎమ్మిగనూరులో, ఆయన ఇంట్లో, లింగాయతుల ఆచారం ప్రకారం పార్థివదేహాన్ని గోడకు ఆనించి, విభూతి పెట్టి కూర్చోబెట్టారు. కార్యదర్శి పూలమాలతో వచ్చాడు. వెనుక ఇద్దరు 'తెలుగు తేజం' అని రాసిన గుడ్డ పట్టుకున్నారు. గోడ మీద తారుతో రాయించిన మనిషి చేతిలో ఇప్పుడు మల్లెపూలు.

గౌరమ్మగారు భర్త పాదాల దగ్గర కూర్చుని "నన్న బిట్టు హోగిబిట్రల్లా" అని రోదిస్తున్నారు. నన్ను వదిలి వెళ్ళిపోయారే అని. కార్యదర్శి నా చెవి దగ్గర వంగాడు. "ఆయమ్మను కొంచెం లోపలికి పిల్సకపోప్పా. పత్రికలోళ్ళు వచ్చినారు. తెలుగాయన కాడ కన్నడంలో ఏడిస్తే యేం బాగుంటాది?"

మెల్లగానే అన్నాడు, కాని ఆమెకు వినబడింది. తలెత్తి అతని మొహం చూశారు. కొంగుతో నోరు మూసుకున్నారు. మాబున్ని పరుగున వచ్చి ఆమెను పొదివి పట్టుకుని, "ఏడువమ్మా, ఏడువు. వాళ్ళదేముంది" అని ఎంత బతిమాలినా ఆమె గొంతు మళ్ళీ పైకి రాలేదు. ఊరూరి జనం ఎట్లా ఏడుస్తారో అడిగి తెలుసుకున్న మహానుభావుడు, సొంత పెండ్లాం ఏడుపుకు నోచుకోకుండా ఇల్లు వదిలాడు.

అటువంటి గురువు మా సీమకు మళ్ళీ దొరకడు. దొరికినా అతని చేత కూడా పటం గీయించాలనే చూస్తాం. ఆయనను సమాధిలో కూర్చోబెట్టి, తలా పిడికెడు మట్టి వేసి తిరిగి వస్తూ, దారి పక్క పత్తి చేను గట్టు మీద కూర్చుని నేను ఏడ్చాను. ఏ భాషలో ఏడ్చినావప్పా అని అడగవలసిన మనిషిని అప్పుడే మట్టిలో పెట్టి వచ్చాము.