మూడో వరుసలో మనుషులున్నారు

ఖాళీ కుర్చీ కనబడితే చాలు, బాబాయ్ దాని మీదికి వంగి "ఉన్నారా?" అని అడిగేవాడు. అడిగి ఊరుకున్నా బాగుండేది. జవాబు కోసం ఆగేవాడు. జవాబు వచ్చేది కూడాను, ఎందుకంటే మరుక్షణం "అయ్యో, కూర్చోండి, కూర్చోండి" అంటూ అవతలి కుర్చీకి వెళ్ళిపోయేవాడు. బస్సులోనూ అంతే, బ్యాంకులోనూ అంతే. ఒకసారి పళ్ళ డాక్టరు కుర్చీని కూడా అలాగే అడిగి, జవాబు విని, పన్ను పీకించుకోకుండానే ఇంటికి వచ్చేశాడు.

పాత నాటకశాలలో కుర్చీలు బాగుచేయడం ఆయన ఉద్యోగం. ఆ నాటకశాలకు మేనేజరు స్వయానా ఆయన అన్నకూతురు. ఊరందరికీ ఆవిడ మేనేజరమ్మ, ఆయనకు మాత్రం అమ్మడు. "మా బాబాయ్‌కి కాస్త చాదస్తంలెండి" అని నలుగురిలో నవ్వేసేది గానీ, హాల్లోకి ఒంటరిగా వెళ్ళాలంటే ఆవిడకు గుండెల్లో రాయి పడేది.

పడదూ మరి! పట్టపగలు కూడా లోపల చీకటే. అవన్నీ స్ప్రింగు కుర్చీలు, మనిషి లేవగానే టప్పున పైకి మడుచుకుంటాయి. మూడో వరుసలో కొన్ని, దాని వెనక వరుసలో ఒకటి మాత్రం ఎప్పుడూ దిగే ఉంటాయి, ఎవరో కూర్చున్నట్టు. మేనేజరమ్మ ఒకరోజు ధైర్యం తెచ్చుకుని వాటిలో ఒకదాన్ని పైకి మడిచింది. రెండడుగులు వేసిందో లేదో, వెనకాల ఎవరో నిట్టూర్చినట్టు కిర్రుమంటూ అది దానంతటదే కిందికి దిగింది. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. ఊడిన చెప్పు కోసం కూడా ఆగలేదు. ఆ చెప్పు తెచ్చిపెట్టమంటే వాచ్‌మన్ జీతం పెంచినా వెళ్ళనన్నాడు.

అలాంటి హాలుకు మునిసిపాలిటీ ఆఫీసు నుంచి హెచ్చరిక వచ్చింది. చక్రాల కుర్చీల్లో వచ్చేవాళ్ళకు చోటు కల్పించకపోతే ఆదివారం నాటకానికి తలుపులు తెరవనివ్వరట. మేనేజరమ్మకు ఇది చిటికెలో పని అనిపించింది.

"బాబాయ్, చివరి వరుసలో, ఆ మరుగుదొడ్ల పక్క మూల ఉందే, అక్కడ కుర్చీలు విప్పెయ్. గొడవ వదిలిపోతుంది."

"ఆ మూల ఎవరూ లేరు కదమ్మా?"

"లేరు కాబట్టే విప్పమంటున్నా!"

"ఎవరూ లేనిచోట చోటు ఎవరికి? మూడో వరుసలో అయితే విప్పుతా. అక్కడ మనుషులున్నారు."

మేనేజరమ్మ గుమ్మం వైపు ఓ అడుగు వెనక్కి వేసింది. "ఎవరున్నారు?"

"ఇదిగో, లెక్కల మాస్టారు. పక్కన వారి భార్య. ఇటు మందుల షాపాయన. ఆ చివర కుట్టుపనామె." బాబాయ్ ఖాళీ కుర్చీల మీద పరిచయం చేస్తున్నట్టు చెయ్యి తిప్పాడు. తర్వాత మొదటిదాని మీదికి వంగి, "ఆ మూలకు వెళ్తారా మాస్టారూ?" అని అడిగి, కాసేపు విని, నిటారుగా నిలబడ్డాడు. "ససేమిరా వెళ్ళరట."

సరిగ్గా అప్పుడే ఆ వరుసలో ఎవరో దగ్గారు. దగ్గింది తాను కాదని వాచ్‌మన్ గుమ్మం బయటినుంచి కేక పెట్టాడు.

వేరే పనివాళ్ళను పిలిచి చూసింది. బాబాయ్ ఊ అనందే ఆ హాల్లో ఒక్క మరమేకు కూడా విప్పేది లేదని వాళ్ళు తేల్చేశారు. ఆదివారం దగ్గరపడుతోంది. తలుపులు మూతపడితే ఇంతమంది బతుకుతెరువు ఏం కావాలి? పోయినవాళ్ళతో వాదించడం తన వల్ల కాదు గానీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళ చేత బాబాయ్‌కి చెప్పిద్దామనుకుంది. మాస్టారి ఇల్లెక్కడని అడిగితే ఆయన ఠక్కున చెప్పేశాడు.

ఆ ఇంటి తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల పొడవాటి వసారా, దీపం లేదు. ఓ పెద్దావిడ బయటికి వచ్చింది. మేనేజరమ్మ ముఖం వీలైనంత దిగులుగా పెట్టింది.

"మాస్టారి సంగతి ఆలస్యంగా తెలిసిందండీ. చాలా మంచివారట."

"ఎవరన్నారు?" అంది పెద్దావిడ, అనుమానంగా.

వసారా చీకట్లో ఏదో కిర్రు కిర్రుమంటూ దొర్లుతూ వచ్చింది. ముందు రెండు చక్రాలు, తర్వాత రెండు మోకాళ్ళు, ఆ పైన కళ్ళజోడు కనిపించాయి. మేనేజరమ్మ గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది.

"మీరు... ఉన్నారా?"

"మోకాళ్ళు పోయాయమ్మా, నేనెక్కడికీ పోలేదు" అన్నాడు మాస్టారు. "క్రితంసారి మీ హాలుకు వస్తే, ఇద్దరు నన్ను బస్తాలా మోసుకెళ్ళి ఓ మూల పడేశారు. ఈవిడేమో మూడో వరుసలో. పెళ్ళయిన దగ్గర్నుంచీ ముగింపు ఏమిటో నా చెవిలో ముందే ఊదేస్తుంది. ఈవిడ పక్కన లేకపోతే నాకసలు నాటకం చూసినట్టే ఉండదు. మళ్ళీ రానని ఒట్టు పెట్టుకున్నా. మీ బాబాయే, మా ఇంటికి వచ్చినప్పుడల్లా, మీ చోటు ఎవరికీ ఇవ్వలేదు మాస్టారూ అంటుంటాడు."

మందుల షాపాయన, కుట్టుపనామె కూడా నిక్షేపంగా ఉన్నారనీ, మెట్లు ఎక్కలేక రావడం మానేశారనీ అక్కడే తెలిసింది. మేనేజరమ్మ హాలుకు తిరిగొచ్చి బాబాయ్‌ని నిలదీసింది.

"వాళ్ళంతా బతికే ఉన్నారని ఓ ముక్క చెప్పొచ్చుగా!"

"చచ్చిపోయారని నేనెప్పుడన్నాను?"

"మరి కుర్చీ దానంతటదే దిగడమేమిటి?"

"స్ప్రింగులు నేనే తీసేశా. మడిచిన కుర్చీ చూస్తే మనిషిని మర్చిపోతాం అమ్మడూ."

"బస్సులో కూడా అడుగుతావేం?"

"రావాలని ఉండి రాలేకపోయినవాళ్ళు అక్కడ మాత్రం ఉండరా? ఒక్క పళ్ళ డాక్టరు దగ్గరే భయమేసి వచ్చేశా."

"మరి దగ్గు?"

"ఏ దగ్గు?" అన్నాడు బాబాయ్.

మేనేజరమ్మకు నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమర్చాయి. ఇన్నాళ్ళూ పిచ్చి అనుకున్నందుకు సిగ్గేసింది. చివరి మూల సంగతి మళ్ళీ ఎత్తలేదు. బాబాయ్ మాస్టారి కుర్చీ విప్పి, పక్కన భార్యది ఉంచేశాడు. మిగతావాళ్ళ చోట్లూ అలాగే, తోడు వచ్చేవాళ్ళ పక్కనే. ఆ వరుసకు ఎదురుగా ఉన్న పక్క గుమ్మానికి ఒక్కటే మెట్టు. దాని మీద చెక్కలతో వాలు కట్టాడు. ఆఫీసువాళ్ళు వచ్చి చూసి, బుద్ధిగా సంతకం పెట్టి వెళ్ళారు.

ఆదివారం మాస్టారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, తన చక్రాలు తానే తోసుకుంటూ వచ్చి భార్య పక్కన ఆగాడు. తెర లేవకముందే ఆవిడ చెవిలో ఏదో అంది. "చెప్పేశావూ!" అని ఆయన విసుక్కున్న తీరుకు మూడో వరుసంతా నవ్వింది.

లైట్లు ఆరాయి. పొద్దున్నుంచీ నిలబడే ఉన్న మేనేజరమ్మ, మూడో వరుస వెనక దిగి ఉన్న ఆ ఒక్క కుర్చీలో కూలబడింది. బాబాయ్ చీకట్లోంచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇదెవరి చోటు బాబాయ్?" అంది గుసగుసగా. "వీళ్ళనీ పిలుద్దాం. ఇల్లెక్కడ?"

"ఆవిడా?" బాబాయ్ కాస్త ఇబ్బందిగా కదిలాడు. "ఆవిడ మాత్రం నిజంగానే పోయారమ్మా. చాలా కాలమైంది."

మేనేజరమ్మ చటుక్కున లేవబోయింది. వేదిక మీద తెర లేస్తోంది, ఇప్పుడు లేస్తే వెనకవాళ్ళకు అడ్డం. అందుకని కుర్చీలో ఓ పక్కకు జరిగి, ఆ పోయినావిడకు కూడా చోటిచ్చి కూర్చుంది.