యెరూషలేం కాదు, దోమలపెంట

నాకు కాశ్మీరు చూడాలని ఉందని మా చుట్టాలందరికీ తెలుసు. ఎందుకో మాత్రం తెలియదు. ఓ చలికాలం కోఠీలో స్వెట్టర్లమ్మే టిబెట్ వాళ్ల దగ్గర మోజుపడి ఉన్ని కోటు ఒకటి కొన్నాను. దాన్ని తొడుక్కునేంత చలి దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల ఇంతవరకూ పడలేదు. కోటు బీరువాలో మగ్గిపోతోంది. అదీ కారణం. మా వారు విశ్వేశ్వరరావు గారిది సింగపూరు. అక్కడ రోడ్డు మీద ఎవరూ ఉమ్మరట. రోజూ కోచింగ్ సెంటరుకు నడిచి వెళ్లి లెక్కలు చెప్పొచ్చే మనిషి కాబట్టి ఆ కోరికను నేనేమీ అనలేను.

అందుకని ఎవరైనా ఫలానా చోటు చూడాలని ఉందంటే నేను చోటు సంగతి పక్కనబెట్టి కారణం అడుగుతాను. అడక్కుండా ఊరుకున్నది ఒక్క రెబెక్క విషయంలోనే. ఆమెది యెరూషలేం. యెరూషలేం వెళ్లాలనుకునే మనిషిని ఎందుకమ్మా అని అడగడం ఏం మర్యాద?

రెబెక్క వాళ్లు సరూర్‌నగర్‌లో మా ఇంటి కింది వాటాలో ఏళ్ల తరబడి కిరాయికి ఉంటున్నారు. సొంతూరు నల్గొండ వైపు పల్లె. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. గ్రూప్స్ అనీ, డీఎస్సీ అనీ, పోలీసు ఉద్యోగాలనీ జిల్లాల నుంచి ట్రంకు పెట్టెలతో దిగిన పిల్లలు ఎంతమందో ఆమె చేతి అన్నం తిని పరీక్షలు రాశారు. ఉద్యోగాలొచ్చి వెళ్లిపోయిన వాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి పచ్చిపులుసు ఎలా చెయ్యాలో అడుగుతారు. ఒకసారి ఓ డిప్యూటీ తహసీల్దారు, ఆమె పాత హాస్టల్ పిల్లే, జీపులో మా సందులోకి వచ్చి, గిన్నెడు పచ్చిపులుసు తాగి వెళ్లింది. ఇరుక్కున్న జీపును వెనక్కి తీయించడానికి మాత్రం వీధి వీధంతా పనిచేసింది.

మొదట్లో నాకు ఆ పులుసంటే చిన్నచూపే. మాది గుడివాడ. మా వైపు వంకాయ కాల్చి, మెత్తగా పిసికి మరీ పచ్చిపులుసు చేస్తాం. చింతపండు నీళ్లలో ఉల్లిపాయ ముక్కలేసి పులుసంటారేమిటని ముక్కు విరిచాను. రెబెక్క పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి, ఉప్పేసి నలిపి, వేయించిన నువ్వుల పొడి కలిపి, పైన పోపు పెట్టి ఓ గిన్నె పంపింది. ఆ రోజు నుంచి నేను ముక్కు విరవడం మాని, గిన్నె పట్టుకుని కిందికి దిగడం మొదలుపెట్టాను.

ఆ పులుసుకు వంక పెట్టేవాడు లోకం మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. ఏరి కోరి ఆయన్నే ఆమెకు కట్టబెట్టారు. కొమరయ్య ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యాడు. సర్వీసులో చాలా భాగం శ్రీశైలం బస్సే నడిపాడు. మంచివాడు, మాట తక్కువ. ఆ తక్కువ మాటల్లో సగం 'గని'. మనం 'కానీ' అనేదాన్నే ఆయన 'గని' అంటాడు. చాయ్ ఇస్తే బాగానే ఉంది గని అంటాడు. వాన పడితే, పడుతోంది గని నల్లమల వాన కాదంటాడు. పచ్చిపులుసు పోస్తే ప్రతిసారీ ఒకటే మాట.

"మంచిగనే ఉన్నది. గని దోమలపెంటల అండాలమ్మ పోసే పులుసు తీరు లేదు."

దోమలపెంట నల్లమల అడవిలో, శ్రీశైలం డ్యాం ఇంకాస్త దూరం ఉందనగా వస్తుంది. దాని పక్కది ఈగలపెంట. పేర్లు పెట్టిన వాళ్లకు యాత్రికుల్ని రప్పించే ఉద్దేశం లేదని తెలుస్తూనే ఉంది. అక్కడ అండాలమ్మ అనే ఆవిడ హోటల్లో డ్రైవర్లూ కండక్టర్లూ అన్నం తినేవారు. భర్త ఆ పేరెత్తినప్పుడల్లా రెబెక్క నవ్వి గిన్నె తీసుకుని లోపలికి వెళ్లేది. పట్టించుకోదేమో అనుకున్నాను.

ఇక యెరూషలేం సంగతి. వాళ్ల చర్చిలో గురువారం గురువారం ఆడవాళ్ల ప్రార్థన కూడిక ఉంటుంది. ఓ గురువారం పాస్టరు గారి భార్య జ్యోతి హోలీ ల్యాండ్ టూర్ కరపత్రం చూపించి, బతికుండగా ఎక్కడికి వెళ్లాలని ఉందో ఒక్కొక్కరూ చెప్పమంది. ఒకావిడ గలిలయ సముద్రమంది. ఇంకొకావిడ యొర్దాను నది అంది. రెబెక్క వంతు వచ్చింది. తనకూ ఒక చోటు చూడాలని ఎన్నో ఏళ్లుగా ఉందని మొదలుపెట్టి, పేరు దగ్గరికొచ్చేసరికి బావురుమంది. అందరూ ఆమేన్ అన్నారు. అంత ఏడుపు చూశాక చోటు పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. రెబెక్కక్కను యెరూషలేముకు నడిపించు తండ్రీ అని జ్యోతి అక్కడికక్కడే ప్రార్థన ఎత్తుకుంది. ఆనాటి నుంచి ప్రతి గురువారం అదే ప్రార్థన.

ఆ ప్రార్థన బలమో, కొడుకు మంచితనమో గానీ ఫలితం కనిపించింది. ఫిన్నీ ఎల్బీనగర్‌లో సెల్‌ఫోన్ల షోరూమ్‌లో మేనేజరు. వచ్చే టూరులో తల్లి పేరు రాయిస్తానన్నాడు. పాస్‌పోర్టు కోసం ఫోటో దింపించాడు.

ఆ ఫోటో దిగిన మర్నాడు నేనూ రెబెక్కా రైతు బజారుకు వెళ్లాం. చింతపండు అమ్మే చోట ఆమె రెబ్బ చిదిమి చూస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"వేదక్కా, దేవుని తాన అబద్ధమాడితె పాపం గదా. నిజం చెప్పకుంట ఊకుంటె గూడ పాపమేనా?"

ఏం అబద్ధమే అన్నాను.

"నేను చూడాలె అనుకున్నది యెరూషలేం గాదక్కా. దోమలపెంట."

నేను నవ్వాను. చింతపండు అమ్మే ఆవిడా నవ్వింది. రెబెక్క నవ్వలేదు. బజారు బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక అంతా చెప్పుకొచ్చింది. హాస్టల్లో ఎంతమంది పిల్లలు వేళ్లు నాక్కుంటూ తిన్నా, ఇంటికి వచ్చేసరికి ఆ అండాలమ్మ తన కంటే ముందొచ్చి కంచం దగ్గర కూర్చుని ఉండేదట. రెబెక్క నువ్వులు తగ్గించి చూసింది, పెంచి చూసింది. బెల్లం వేసి చూసింది, మానేసి చూసింది. చింతపండు కొట్లు మార్చింది. ఏం చేసినా ఆ 'గని' పోలేదు. ఆ పులుసు ఒక్కసారి తన నాలుక మీద పడితే తప్ప, తను దేనిలో తక్కువైందో తెలిస్తే తప్ప, తనకు మనశ్శాంతి లేదంది.

"గీ మనసుతోటి యెరూషలేం పోతె గక్కడ గూడ పచ్చిపులుసే యాదికొస్తది. దేవుడేమనుకుంటడక్కా?"

నాకు ఆమె మీద జాలేసింది. అంతకు రెట్టింపు కొమరయ్య మీద కోపం వచ్చింది. నా బుద్ధి మొదటి నుంచీ వంకరే కాబట్టి, ఆ అండాలమ్మ మనిషి ఎలా ఉంటుందో అన్న ఆలోచన కూడా వచ్చింది. వట్టి పులుసును ఇన్నేళ్లు గుర్తుపెట్టుకునే మగాణ్ణి నేనెక్కడా చూడలేదు. పైకి అనలేదు. రెబెక్క మొహం చూస్తే, అనాల్సిన అవసరం కూడా లేదనిపించింది.

ముందు కూడికలో నిజం చెప్పెయ్యమన్నాను. ఆమె జంకింది. దోమలపెంట ఉన్నది శ్రీశైలం దారిలో. రెబెక్క శ్రీశైలం బాట పట్టిందని సంఘంలో గుసగుసలు పుడితే ఎలా అని భయం. అయినా గురువారం లేచి నిలబడి చెప్పేసింది. అందరూ జ్యోతి వైపు చూశారట. జ్యోతి బైబిలు మూసి ఒళ్లో పెట్టుకుని, నిజమే చెప్పుకోవాలంటే తనకు గోవా చూడాలని ఉందంది. పాస్టరమ్మా అని ఎవరూ పిలవని చోట ఒక్క పూట కాళ్లు చాపుకుని కూర్చోవాలట. యొర్దాను నది అన్నావిడ, తనకసలు విమానం ఎక్కడమే ముఖ్యమని, అది ఎక్కడ దింపినా ఫరవాలేదని చెప్పింది. గలిలయ సముద్రం ఆవిడ బాపట్ల సముద్రంతో సరిపెట్టుకుంటానంది. ఆ వారం ప్రార్థన మామూలు కంటే చాలాసేపు సాగిందని రెబెక్క చెప్పింది.

సంఘం ఒప్పుకుంది, కొడుకు ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది కొమరయ్య. దోమలపెంట అనగానే ఆయనకు మోకాలి నొప్పి వచ్చింది. హోటలు ఎప్పుడో మూసేసి ఉంటారన్నాడు. ముసలిది పోయే ఉంటుందన్నాడు. ఘాటు రోడ్డులో రెబెక్కకు కళ్లు తిరుగుతాయన్నాడు. ఆయన ఒక్కో సాకు చెబుతుంటే నా అనుమానం ఒక్కో మెట్టు ఎక్కింది. చివరికి నేనే కల్పించుకుని, శ్రీశైలం మల్లన్నకు మొక్కున్నానని, దారి తెలిసిన పెద్దమనిషి తోడు లేనిదే వెళ్లలేనని పట్టుబట్టాను. మొక్కు అబద్ధం కాదు. ఆ మాట అంటూనే మొక్కుకున్నాను.

ఓ ఆదివారం ప్రార్థన అయ్యాక ఫిన్నీ కారు తీశాడు. బడంగ్‌పేట మీదుగా శ్రీశైలం రోడ్డెక్కాం. కొమరయ్య ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా లేని బ్రేకు తొక్కాడు. మన్ననూరు దాటి అడవిలో పడ్డాక రెబెక్క అద్దం దించింది. వానాకాలం కావడంతో టేకు చెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. ఆ రోడ్డు మీద ఆమె ఎన్నడూ కాలు పెట్టలేదు. అయినా కోతి బస్సెక్కి కండక్టరు టోపీ ఎత్తుకుపోయింది ఈ మలుపులోనే కదా, టైరు పేలింది ఆ దిగువలోనే కదా అని ఒక్కొక్కటీ అడుగుతూనే ఉంది. కొమరయ్య ప్రతిదానికీ తలూపాడు. ఆ నోరులేని మనిషి ఇంట్లో ఇన్ని కబుర్లు చెప్పాడా, ఈమె ఇన్నీ దాచుకుందా అని నాకు ఆశ్చర్యం వేసింది. మా వారు సింగపూరు గురించి గంటలకొద్దీ చెప్పారు. ఉమ్మడం గురించి తప్ప నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

దోమలపెంటలో హోటలు మూతపడలేదు. రేకుల షెడ్డు, రెండు బల్లలు, కట్టెల పొయ్యి. కొమరయ్య టైర్లలో గాలి చూడాలంటూ కారు దగ్గరే ఉండిపోయాడు. పొయ్యి ముందు కూర్చున్న అండాలమ్మ నా కంటే పెద్దది, పళ్లు సగం ఊడిపోయాయి, నడుము వంగిపోయింది. నా అనుమానం అక్కడికక్కడే చచ్చింది. చచ్చినందుకు సంతోషించాను కూడా. ఆవిడ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని బయటున్న మనిషిని పరకాయించి చూసింది. తర్వాత రెబెక్కను కింది నుంచి పైదాకా చూసింది.

"రెబెక్కవు నువ్వేనా?"

రెబెక్క బిత్తరపోయి తలూపింది. అన్నం, పచ్చిపులుసు కావాలంది.

"అన్నం పెడ్త. పులుసు మాత్రం నీకు పొయ్య," అంది అండాలమ్మ. "ఇన్నేండ్లు నా పులుసు పోసుకొని నీ పేరే చెప్పిండు నీ మొగడు. మంచిగనే ఉన్నది గని మా రెబెక్క చేసిన తీరు లేదు అంటుండె. ఇగ నువ్వు గూడ వంక పెట్టనీకి ఒచ్చినవా?"

రెబెక్క బల్ల అంచు పట్టుకుంది. ఏమంటుండె అని అడిగింది. అండాలమ్మ మళ్లీ చెప్పింది. రెబెక్క చెవి మీది జుట్టు వెనక్కి తోసుకుని, సరిగా వినబడలేదు, ఇంకోసారి చెప్పమంది. ఆమె చెవులకేమీ లోటు లేదు. మా ఇంట్లో కుక్కరు కూత నా కంటే ముందు కింద ఆమెకే వినబడుతుంది. అండాలమ్మకు విషయం అర్థమైనట్టుంది. మూడోసారి ఇంకాస్త గొంతు పెంచి, కారు దాకా వినబడేలా చెప్పింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంట్లో కంచం ముందు పుట్టాల్సిన మాట కోసం ఆమె ఇంత అడవి దాటి రావలసి వచ్చింది.

ఆ తర్వాత అండాలమ్మ తన గోడు మొదలుపెట్టింది. తనూ నువ్వులు పెంచిందట, తగ్గించిందట. అసలు ఆ రెబెక్క పులుసు ఏపాటిదో చూద్దామని, వాళ్ల ఇల్లు ఎల్బీనగర్ దగ్గరని కొమరయ్య చెప్పగా విని, ఎల్బీనగర్ తీసుకుపొమ్మని కొడుకును ఎన్నోసార్లు అడిగిందట. ఎల్బీనగర్‌లో ఫ్లైఓవర్లు తప్ప ఏముందే ముసలిదానా అని అతను కసిరేవాడట.

"వానికేమని చెప్తు? గాడ రెబెక్క ఉన్నదంటె నవ్వడా?" అంది.

ఎల్బీనగర్ చౌరస్తాలో ఇరుక్కున్నప్పుడల్లా ఆ చోటును తిట్టుకునే మనిషిని నేను. అడవిలో ఒకావిడ దానికోసం ఇన్నేళ్లు కలగంది.

ఇద్దరూ కలిసి కొమరయ్యను పిలిచారు. తప్పదని వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఇక్కడ అన్న మాట అక్కడ ఎందుకు అనలేదని రెబెక్క అడిగింది. ఆయన పొయ్యి వైపు తిరిగి చెప్పాడు.

"ఈడ ఉంటె ఇల్లు యాదికొస్తుండె. ఇంట్ల ఉంటె గీ రోడ్డు యాదికొస్తుండె. గంతే."

ఆయన అంత పొడుగు మాట మాట్లాడగా నేను వినడం అదే మొదలు. రెబెక్క కొంగుతో మొహం తుడుచుకుంది. ఫిన్నీ మెల్లగా, యెరూషలేం పోతావా మరి అని అడిగాడు. పోతానంది. ఇప్పుడైతే అక్కడ దేవుడి గురించే ఆలోచిస్తానంది.

అప్పుడు కొంగు నడుముకు దోపి పొయ్యి దగ్గరికి వెళ్లింది. అండాలమ్మ జరిగి చోటిచ్చింది. ఒకరు చింతపండు పిసికారు, ఒకరు మిరపకాయలు కాల్చారు. నువ్వుల దగ్గర కాసేపు వాదులాడుకున్నారు. పులుసంతా ఒకే గిన్నెలో కలిపి, ముందు కొమరయ్య కంచంలో పోసి, ఇద్దరూ ఎదురుగా నిలబడ్డారు.

ఆయన ఓ ముద్ద కలుపుకుని తిన్నాడు.

"మంచిగనే ఉన్నది," అన్నాడు. అలవాటైన నోరు ఆగలేదు. "గని..."

రెబెక్క చేతిలో గరిటె ఉంది. అండాలమ్మ చేతిలో పట్టకారు ఉంది. కొమరయ్య ఇద్దరినీ చూశాడు.

"గని అన్నం తక్కువైంది. ఇంకింత పెట్టుండ్రి."