వాన తొడుగులో గోవింద

వైటూకే, అదే రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లలో తేదీలు సరిదిద్దే పనుల పుణ్యమా అని మా అన్నగారబ్బాయి మురళి సిడ్నీ చేరి, బ్లాక్‌టౌన్‌లో కాపురం పెట్టిన రోజులవి. చుట్టపుచూపుగా వెళ్లిన నన్ను, ఒక ఆదివారం తన ఆఫీసు మిత్రులతో బ్లూ మౌంటెన్స్ అడవికి క్యాంపింగ్‌కి తీసుకెళ్లాడు.

భోజనాలయ్యాక రెండు చెట్ల మధ్య గుడ్డ ఊయల కట్టి, "బాబాయ్, ఇందులో ఓ కునుకు తియ్యి. వానొచ్చినా తడవవు, తొడుగుంది" అన్నాడు. ఊయల మొత్తాన్నీ సంచిలా కప్పేసే తొడుగు అది. గాలికి కాస్త సందు వదలాలని ఒక్కడైనా చెప్పలేదు. నాకా, నిలువునా ముసుగు తన్నందే నిద్ర పట్టదు. జిప్పు చివరిదాకా లాగేసుకున్నాను.

మెలకువ వచ్చేసరికి పైన వాన, లోపల నా ఊపిరే చెమ్మై కారుతోంది. గాలి ఆడటం లేదు. జిప్పు ఇరుక్కుపోయింది.

"మురళీ, ఊపిరాడట్లేదురా!" అని అరిచాను.

బయట నవ్వులు. "అంకుల్‌ని భలే ప్యాక్ చేశార్రా, పాడె ఒక్కటే తక్కువ!" అన్నాడొకడు. "గోవిందా, గోవింద!" అంటూ అందరూ ఊయల ఊపసాగారు. అందులో మురళి గొంతే పెద్దది.

కాళ్లతో తన్ని, కుట్టు చీల్చుకుని బురదలో పడ్డాను. మురళి పరుగున వచ్చి చిరుగు చూశాడు.

"అయ్యో, చింపేశావా బాబాయ్! మా బాస్‌ది. ఇప్పుడేం చెప్పను?"

కంప్యూటర్లో సంవత్సరం తాలూకు రెండంకెలు తప్పితే లోకమేమైపోతుందోనని బెంగపడ్డ మేధావులండీ వీళ్లు! ఇన్నేళ్లయినా, ఎంత చలివేసినా ముఖం మీదికి దుప్పటి లాక్కోను. లాక్కుంటే మురళి గొంతే వినిపిస్తుంది.