కొండలరావు పేరు మీద లాగిన్

ఓడరేవు పక్కనున్న ఆ ప్రైవేటు బొగ్గు యార్డులో కాంట్రాక్టువాళ్లకి పేర్లుండేవి కావు, గేటు పాసు మీద నంబరుండేది. పిలవాలంటే "ఇదిగో, నిన్నే" అనేవారు. పదకొండేళ్లుగా అక్కడ స్విచ్చులు చూసే కొండలరావుకి ఈ పిలుపు ఒంటికి పట్టలేదు.

స్విచ్చంటే గోడకుండేది కాదు. క్రేన్లకీ కంట్రోలు గదికీ మధ్య కబుర్లు మోసే పెట్టె. అందరూ 'అడ్మిన్' అనే ఒక్క పేరుతోనే అందులోకి వెళ్లి మార్పులు చేసేవారు. ఎవడేం మార్చాడో దేవుడికే తెలియాలి. కొండలరావు తండ్రి తవిటయ్య ఫిషింగ్ హార్బర్లో వలలు బాగుచేసేవాడు. "ముడి సూస్తే ఎవుడేసేడో తెలియాల్రా" అనేవాడు. ఆ మాట కొడుకు బుర్రలో దిగబడిపోయింది. ఆరు నెలలు ఆఫీసరు వెంటపడి, తన పేరు మీదే లాగిన్ చేయించుకున్నాడు. ఆ పేరున్న కాగితం ఇంటికి తెచ్చి చూపిస్తే, భార్య అనూరాధ దాన్ని బీరువా తలుపుకి అతికించింది.

2006లో యాజమాన్యం ఎనిమిది మందిని పర్మనెంటు చేస్తామంది. ఆ జాబితాలో కొండలరావు ఉన్నాడు. ఇక నంబరు పోయి మనిషవుతాడన్నమాట.

అదే నెలలో రెండో క్రేను లైను చెడడం మొదలైంది. బొగ్గు దుమ్ము, ఉప్పు గాలి కలిస్తే ఏ తీగైనా ఎన్నాళ్లు బతుకుతుంది? సెకనుకి పది కబుర్లు పాడైతే ఎర్ర అలారం రావాలని స్విచ్చులో హద్దు పెట్టుంది. అలారం పొద్దస్తమానం వస్తూనే ఉంది.

"కేబులు పోతంది సార్, మార్సీవాలి" అన్నాడు కొండలరావు.

ఆఫీసరు గంగరాజుది గోదావరి జిల్లా. మాట తేనె. "మార్చేద్దామయ్యా. సోమవారం తనిఖీవాళ్లొస్తున్నారు, ఆ ఎరుపు కనపడకూడదు. హద్దు పదివేలు చేసెయ్. వాళ్లు వెళ్లాక మళ్లీ పది పెట్టేద్దువుగాని."

కాంట్రాక్టువాడు ఆఫీసరుని కాగితం అడగడం అక్కడ ఆనవాయితీ కాదు. పైగా జాబితా మీద సంతకం పెట్టేది గంగరాజే. తప్పని తెలిసే కొండలరావు హద్దు పెంచాడు. అప్పుడైనా అడ్మిన్ పేరుతో వెళ్లొచ్చు కదా! వెళ్లలేదు. తన పని తన పేరుతోనే చేశాడు, పిచ్చి మారాజు.

తనిఖీవాళ్లు మెచ్చుకుని వెళ్లారు. హద్దు తగ్గించమంటారా అని కొండలరావు రెండుసార్లు అడిగాడు. "ఉండనీవయ్యా, ప్రశాంతంగా ఉంది" అన్నాడు గంగరాజు. ఉండనిచ్చాడు. అక్కడే అతని తప్పు, కాదనను.

మూడో వారం ఒక్క అలారమైనా రాకుండా లైను తెగిపోయింది. క్రేను నిలిచిపోయింది. ఓడ ఒకటిన్నర రోజు రేవులో పడుంది.

విచారణలో గంగరాజు, "అలా చెయ్యమని నేనెందుకు చెప్తానండీ?" అని ఆశ్చర్యపోయాడు. స్విచ్చు దాచుకున్న చిట్టా ప్రింటు తీశారు. ఏడాదంతా అడ్మిన్, అడ్మిన్. ఆ ఒక్క వరసలో మాత్రం కొండలరావు. కర్ర ఇచ్చి పళ్లు రాలగొట్టించుకోవడమంటే ఇదే.

"బోయిన కొండలరావు. ఈ పేరు నీదేనా?" అన్నాడు విచారణాధికారి. ఆ ఆఫీసులో ఎవరైనా అతని పేరు ఇంటిపేరుతో సహా చదవడం అదే మొదటిసారి.

"నాదే సార్" అన్నాడు కొండలరావు. సార్ చెప్పేరు కాబట్టే చేశానన్నాడు. ఎవరూ రాసుకోలేదు.

జాబితా ఏడుగురితో వచ్చింది. అతని గేటు పాసు కూడా తీసేసుకున్నారు. కేబులు లైను తెగిన మర్నాడే మార్చారు, హద్దు మళ్లీ పదికి దించారు. ఎవరు దించారో తెలీదు. అడ్మిన్ దించాడు.

ఇంటికెళ్లి బీరువా మీది కాగితం చింపబోతే అనూరాధ చెయ్యి పట్టుకుంది. "నివ్వు సేసింది నీదేనన్నావు. మరి ఆల్లు సేసింది ఆల్లదనడానికి ఆల్లకేటి రోగం?" అంది.

కొండలరావు చెయ్యి విడిపించుకున్నాడు. కాగితం చింపేశాడు.