నేను పెంచి చెప్పిన జీతం

నాకు నర్సు ఉద్యోగం వచ్చిన మొదటి నెల మా నాయన ఫోను చేసి, "సంబళం ఎంతిస్తాండారు పాపా?" అని అడిగాడు. వెనక బస్సు హారన్లు, గ్లాసుల చప్పుడు. అంటే బళ్ళారి పక్కన మా మోక బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుని, ఫోను స్పీకర్‌లో పెట్టి మరీ అడుగుతున్నాడన్నమాట. ఫోను చెవికి ఆనించి మాట్లాడటం మా నాయనకు ఈ జన్మలో రాదు.

నా జీతం పదమూడు వేలు. కోర్సులో చేర్పించినప్పుడు ఏజెంటు చెప్పింది ఇరవై ఐదు. పదిమంది వింటుండగా పదమూడు అనడానికి నాకు నోరు పెగల్లేదు. "ఇరవై రెండు వేలు నాయనా" అన్నాను. "వింటిరా అప్పా! ఇరవై రెండంట!" అని మా నాయన హోటలంతా దద్దరిల్లేలా అరిచాడు. ఎవరో అందరికీ ఇంకోసారి టీ చెప్పారు.

అబద్ధం చెప్పడం ఒక్క నిమిషం పని. దాన్ని మోయడమే చావు. చదువు కోసం బ్యాంకులో తీసుకున్న అప్పుకు నెలకు నాలుగున్నర వేలు కంతు, బెంగళూరు హాస్టలుకు ఐదు వేలు. ఇంటికి రెండు వేలు పంపితే నా చేతిలో మిగిలేది సబ్బుకు, బస్సుకు. మరి ఇరవై రెండులో మిగతాదంతా ఏమైందంటే చీటీ వేస్తున్నానని చెప్పాను. ఆ చీటీ ఎప్పుడు పాడుకుంటావని మా అమ్మ పండగ పండక్కీ అడిగేది.

ఇలా రెండేళ్లు గడిచాక మా చెల్లెలు పీయూసీ, అంటే ఇంటరు, మంచి మార్కులతో పాసైంది. బళ్ళారిలో సర్కారు నర్సింగ్ స్కూల్లో సీటు వచ్చింది. అదే మూడేళ్ల కోర్సు, చివర్లో చేతికొచ్చే సర్టిఫికెట్టూ నాదాని లాంటిదే. ఫీజు మాత్రం నేను కట్టినదాంట్లో పదో వంతు కూడా లేదు. నేను సంతోషపడేలోపే అమ్మ ఫోను చేసింది. నాయన ఆ సీటు వద్దంటున్నాడట. అక్క చదివిన కాలేజీలోనే చెల్లెల్నీ చేరుస్తాడట, దానికి కాలువ కింది రెండెకరాలు తాకట్టు పెడతాడట. మాకున్నదే ఆ రెండెకరాలు. సెలవు పెట్టి శనివారం పొద్దున్నే ఊళ్లో దిగాను.

మొదట తెలివిగా నెగ్గుకొద్దామని చూశాను. నోటు పుస్తకం తీసి ఫీజు, హాస్టలు, యూనిఫారాలు, పరీక్ష ఫీజులు, చేరేటప్పుడు ఎవరూ చెప్పని చిల్లర వసూళ్లు అన్నీ వరుసగా రాసి నాలుగున్నర లక్షలు తేల్చాను. కోర్సు అయ్యాక రెండేళ్లు వాళ్ల ఆసుపత్రిలోనే చెయ్యాలనీ, అందాకా మార్కుల కార్డులు వాళ్ల బీరువాలోనే ఉంటాయనీ చెప్పాను. మా నాయన ఓపిగ్గా విని, "నాలుగున్నరైతే ఏంది పాపా? నెలకు ఇరవై రెండొస్తే రెండు మూడేండ్లలో తీరిపోతాది. నీది తీరతాండ్లేదా?" అన్నాడు. ఆయన లెక్క సరిగ్గానే ఉంది. నేనిచ్చిన అంకె దొంగది.

చెల్లెలైతే మూతి ముడుచుకుని, "నీకైతే బెంగళూరు, నాకైతే బళ్ళారినా?" అంది. దాని నెత్తిన ఒక్కటి మొట్టాలనిపించింది. ఆ కోపమంతా నా మీద నాకేనని నాకు తెలుసు. ఫోను తీసి, జీతం పడినప్పుడు బ్యాంకు పంపిన మెసేజీ తెరిచి దాని చేతిలో పెట్టాను.

"పదమూడు వేలు" అని చదివింది. "ఇది అడ్వాన్సా?"

"అంతే. మొత్తం అంతే."

"మరి చీటీ?" అంది అమ్మ.

"చీటీ లేదమ్మా."

మా నాయన నోటు పుస్తకం మూసి నా ముందుకు నెట్టాడు. తర్వాత అన్నాడు: "ఏజెంటోడు మోసం చేస్తే వాన్ని తిట్టుకుందుము. నువ్వు చేస్తే యాడ చెప్పుకోవల్ల పాపా?" కొట్టినా బాగుండేది. చివరికి ఆయనే, "సర్కారు సీటుకు ఎప్పటిదాంక టైముండాది?" అని అడిగాడు. సోమవారం దాకా అని చెల్లెలు ఏడుస్తూనే చెప్పింది. "సోమవారం పోయి చేరు. నేనొస్తా" అన్నాడు.

గండం గడిచిందని ఊపిరి పీల్చుకోబోయాను. మా నాయన గడప దాకా వెళ్లి, ఎదురింటి వైపు చూస్తూ ఆగిపోయాడు. "పోయిన వారం ఎదురింటి పిల్లకు గూడా మీ కాలేజీకే ఫీజు కట్టించినా. నేనే తోడుకపోయి ఏజెంటుకు చూపిస్తి. వాళ్లకు ఏ మొగం పెట్టుకొని చెప్పేది? నువ్వే పోయి చెప్పు."

ఎదురింటి అత్తకు మగదిక్కు లేదు. కూలికి పోయి కూతుర్ని చదివించింది. నేను వెళ్లేసరికి ఆమె మిరప చేలో కలుపుకు వెళ్లింది, పిల్ల ఒక్కతే కొత్త సూట్‌కేసులో బట్టలు సర్దుకుంటోంది. "రాక్కా!" అని చేటలోని పేలాలు ముందుకు జరిపింది. కూర్చోకుండానే చెప్పేశాను, జీతం ఎంతో, ఎందుకు పెంచి చెప్పానో. దాని ముందే ఏజెంటుకు ఫోను చేశాను. కట్టిన డబ్బు తిరిగి రాదన్నాడు. సర్కారు సీటుకు అర్జీ పెట్టావా అని పిల్లను అడిగితే, "మీ నాయన వద్దన్యాడక్కా, అది దండగన్యాడు" అంది. అర్జీల గడువు ఎప్పుడో దాటిపోయింది.

అది చేతిలోని చున్నీని మడత పెట్టి సూట్‌కేసులో పెట్టింది. తర్వాత మెల్లగా, "మాయమ్మకు చెప్పద్దక్కా. గాజులమ్మి కట్టింది. తెలిస్తే ఇంగ అన్నం తినదు" అంది.

"ఉద్యోగమొచ్చినాంకైనా తెలుస్తుంది కదే?"

"అప్పుడు నేనే ఏదో ఒకటి చెప్పుకుంటాలే."

అంతలో అత్త వచ్చింది, కాళ్లకు చేలో మట్టితోనే. నన్ను చూసి ఆమె మొహం విప్పారింది. "ఎప్పుడొచ్చినావు తల్లీ? మా పిల్లకు రొంత చెప్పు, నీ మాదిరే బాగుపడల్ల అది" అంది.

పిల్ల నా వైపే చూస్తోంది.

"చెప్పినానత్తా" అని ఇంటికి వచ్చేశాను.