బద్రావీ వస్తే ఆగిపోయే పాట

పోర్ట్ సయీద్‌లో కాలువ దాటించే మా పంటు మీద బద్రావీ చేత తిట్లు తినని పిల్లలుంటే, వాళ్ళు ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళై ఉండాలి. అతను పంటు నడిపే సరంగేమీ కాదు. రేవు రాగానే తాడు విసిరి గుంజకు బిగించడం, గొలుసు దించి జనాన్నీ కార్లనూ వదలడం, అంతే అతని పని. మిగతా సేపంతా పంటు మేడ మీద బల్లల మధ్య తిరుగుతూ పిల్లల ఫోన్ల మోత మీద యుద్ధం చేసేవాడు.

"ఏరా, ఈ పంటు మీ నాన్న కట్టించాడా? తగ్గించు. కింద చేపలు పడుకున్నాయి."

"పట్టపగలు చేపలు పడుకుంటాయా తాతా?"

"రాత్రంతా నీలాంటివాళ్ళు మోత పెడితే పగలే పడుకుంటాయి మరి!"

ఏ తల్లయినా మూతి ముడిస్తే ఆమెకీ వడ్డించేవాడు. "ఫోను నీదేనమ్మా, కాదనను. చెవులు మాత్రం మావి." జనం నవ్వేవారు. పిల్లలు తగ్గించేవారు, అతను మెట్లు దిగగానే మళ్ళీ పెంచేవారు. నా ఇల్లు పోర్ట్ ఫువాద్‌లో, బట్టలు కుట్టే కొట్టు ఇవతలి ఒడ్డున. రోజూ ఈ తతంగమంతా చూస్తూ దాటేదాన్ని.

ఇంతమందిని అదిలించిన మనిషి సొంత మనవడి దగ్గర మాత్రం బేలైపోయాడు. కూతురు ఇబ్తిసాం బట్టల ఫ్యాక్టరీలో పనికి వెళ్ళేది, పిల్లవాణ్ణి తండ్రికి అప్పగించి. ముహాబ్ అని, ఐదేళ్ళవాడు. వాడు తాత ఫోను చేత పట్టుకుని మెట్ల దగ్గర పీట మీద కూర్చునేవాడు. చూసేది ఒక్కటే పాట. ఒక బాతు చెప్పు పోగొట్టుకుంటుంది, క్వాక్ క్వాక్‌మంటూ ఊరంతా వెతుకుతుంది. మోత ఎంత పెట్టాలో అంతా పెట్టేవాడు. అవతలి ఒడ్డు మీద కాఫీ తాగేవాళ్ళకి కూడా ఆ బాతు గోడు తెలుసు.

"బద్రావీ, మీ చేపలకి ఈ బాతు అడ్డం రాదేం?" అని నేనే ఒకసారి గుచ్చాను.

"వాడు ప్రయాణికుడు కాదు ఇన్సాఫ్. ఉద్యోగి" అన్నాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

రేవు తగిలాక బద్రావీ గొలుసు దించి, వెనక్కి చూడకుండానే ఎడమచెయ్యి చాచేవాడు. ముహాబ్ పరుగెత్తుకొచ్చి ఆ చేతిలో చెయ్యి పెట్టేవాడు. ఇద్దరూ ముందు దిగేవారు, జనం వెనక.

పోయిన చలికాలం పిల్లవాడికి జ్వరం వచ్చింది. మెదడుకెక్కింది అన్నారు డాక్టర్లు. వారం తిరక్కుండానే పోయాడు. ఆ తల్లి ఏడుపు గురించి నేను రాయలేను.

మా దగ్గర చావు జరిగిన ఇంటి చుట్టుపక్కల టీవీలు మోగవు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ ఇంటి మెట్ల మీద చెప్పులు పేరుకోవడం చూడగానే ఎవరికి వాళ్ళే ఆపేస్తారు. నలభై రోజుల దాకా అంతే. ఈలోపు ఎవరింట పెళ్ళి పడితే ముందు ఆ ఇంటికి వెళ్ళి అడుగుతారు. మా అక్క కొడుకు పెళ్ళికి డప్పులు పెట్టాలని నేనూ వెళ్ళి బద్రావీని అడిగాను. "పెట్టుకోండమ్మా, డప్పులు పగిలిపోవాలి" అని దీవించి పంపాడు. వేసవి వచ్చేసరికి అతని వీధిలో రెండు పెళ్ళిళ్ళు, ఒక బారసాల మోతగానే జరిగాయి.

కానీ పిల్లవాడి ఫోను మోగించుకుంటామని ఎవరు వెళ్ళి అనుమతి అడుగుతారు? అంత చిన్న సంగతికి ఆ ఇంటి గడప తొక్కి అడగడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది? ఎవరూ అడగలేదు, కాబట్టి అతనూ ఇవ్వలేదు. నలభై రోజులు పోయాయి, ఏడాది కావచ్చింది. పంటు మీద పిల్లల ఫోన్లు మాత్రం మూగగానే ఉండిపోయాయి.

మీరొకసారి చూసి ఉండాల్సింది. బల్లల మీద వరసగా పిల్లలు, వాళ్ళ మొహాల మీద కదిలే రంగులు. తెర మీద కోతి నోరు తెరుస్తుంది, రైలు పరుగెడుతుంది, కిక్కురుమన్న శబ్దం లేదు. బద్రావీ మెట్లెక్కుతుంటే అతని కన్నా ముందు నిశ్శబ్దం నడిచి వచ్చేది. నాకు వెన్ను జలదరించేది. దయ అంటే ఇంత చల్లగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

ఒకరోజు అతను మెట్ల మధ్యలో టక్కున ఆగి, "ఎవరు పెట్టారు?" అన్నాడు.

తల్లులందరూ గాభరాగా ఫోన్లు చూసుకున్నారు. "ఎవరూ పెట్టలేదు బాబాయ్."

"బాతు పాట వినపడింది."

"లేదు బాబాయ్. గాలేమో."

ఆ తర్వాత అది తరచూ జరగసాగింది. క్వాక్ అని సగం ముక్క వినపడేదట. తల తిప్పేలోపు ఆగిపోయేదట. అడిగితే జనం జాలిగా చూసి తల అడ్డంగా ఊపేవారు. పాపం, మనవడి బెంగతో మతి చలించిందని ఊరంతా గుసగుసలు. అవి రేవు అధికారి చెవిన పడ్డాయి. మంచివాడే, పిలిచి మెల్లగానే చెప్పాడట: "లేని పాటలు వినే మనిషి చేతిలో గొలుసు పెట్టలేను బద్రావీ. ఇంకొక్కసారి విన్నావంటే ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది."

ఆ సాయంత్రం నా కొట్టుకు వచ్చాడు. టీ ఇస్తే తాగలేదు.

"ఇన్సాఫ్, నువ్వు మొహమాటానికి మాట్లాడవు కదా. నిజం చెప్పు. నీకెప్పుడైనా వినపడిందా?"

"లేదు" అన్నాను. నాకు నిజంగానే వినపడలేదు. పైన ఆ నిశ్శబ్దం భరించలేక కొన్నాళ్ళుగా నేను కింద, కార్ల పక్కనే నిలబడుతున్నాను.

"పనిపోతే పోనీ. నా భయం అది కాదు." టీ గ్లాసు పక్కకు జరిపాడు. "ఆ పాట బయట మోగుతుంటే, ఎవరో పిల్లలు చూస్తున్నారన్నమాట. అది నా బుర్రలోనే మోగుతుంటే మాత్రం నేనైపోయినట్టే. వాడి మొహం కూడా ఇలాగే నేను కల్పించుకుంటున్నానేమో అనిపిస్తోంది."

మర్నాడు నేనూ మేడ ఎక్కి కూర్చున్నాను.

చలిగాలి, పైన సముద్రపు పక్షులు, బల్లల నిండా జనం. నా ఎదురు బల్ల మీద ఒక తల్లి, పక్కన నాలుగేళ్ళ పిల్ల, ఒళ్ళో ఫోను. పంటు కదిలిన కాసేపటికి పాట మొదలైంది. క్వాక్ క్వాక్, నా చెప్పేది? సన్నగా, కానీ స్పష్టంగా. ఇంతలో మెట్ల దగ్గర కూర్చున్న ఒకావిడ కళ్ళతో సైగ చేసింది. ఆ తల్లి చెయ్యి ఫోను మీద పడింది. పాట ఆగింది. బద్రావీ తల మెట్ల మీద కనిపించింది.

అప్పుడర్థమైంది నాకు. ఊళ్ళో ప్రతి పిల్లా చూసే పాట అది. చూడక ఎక్కడికి పోతారు? అతను వస్తుంటే అందరూ నొక్కేస్తున్నారు. ఆ చివరి ముక్క అతని చెవిన పడుతోంది. అడిగితే, అతని మనసు కష్టపెట్టకూడదని, లేదంటున్నారు.

అతను పైమెట్టు మీద నిలబడి అందరి చేతుల వంకా చూశాడు. "ఇప్పుడు... ఏమైనా మోగిందా?" అన్నాడు. అడగడానికే భయపడుతున్నాడు.

"లేదు బాబాయ్."

"ఏమీ లేదు. నువ్వెళ్ళి కాస్త కూర్చో."

ఆ మొహం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"మోగింది! నేను విన్నాను. బాతు పాటే. ఇదిగో, ఈ ఫోనులోనే!"

పంటంతా నా మీద విరుచుకుపడింది. "నీకు మనసనేది ఉందా ఇన్సాఫ్? ఆ ముసలాణ్ణి చంపుతావా?"

"మీరు చంపుతున్నారు! రోజూ లేదు లేదంటూ పిచ్చివాణ్ణి చేస్తున్నారు!"

ఆ తల్లి పాలిపోయి, "క్షమించు బాబాయ్, తెలియక పెట్టింది" అని ఫోను సంచిలో దాచేసింది. బద్రావీ ఆమెను పట్టించుకోలేదు. పిల్ల ముందు కిందకు కూర్చున్నాడు. మోకాళ్ళు కటుక్కుమన్నాయి.

"నువ్వు పెట్టావా తల్లీ?"

పిల్ల అతన్ని తేరిపార చూసింది. "ఆ తాతవి నువ్వేనా? నువ్వొస్తే ఆపెయ్యాలంట. లేకపోతే నువ్వు ఏడుస్తావంట."

తల్లి పిల్ల నోరు మూయబోయింది.

"ఏడిస్తే ఏడ్చానులే. పెట్టు" అన్నాడు బద్రావీ.

పిల్ల, తల్లి సంచిలోంచి ఫోను లాక్కుని పెట్టింది. చిన్నదానికి మోత ఎక్కడిదాకా పెంచవచ్చో బాగా తెలుసు. బాతు చెప్పు పోయింది. బాతు బేకరీలో అడిగింది, చేపల బజారులో అడిగింది. బద్రావీ గడ్డం మీదుగా కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోలేదు. పెదవులు మాత్రం మాటలు ముందే పలుకుతున్నాయి. నేనూ ఏడ్చాను, దాచడం దేనికి.

"ఏడుస్తున్నావు. ఆపనా?" అంది పిల్ల.

"వద్దమ్మా. బయటే మోగుతోంది" అన్నాడు.

పాట అయిపోయి, దానంతటదే మళ్ళీ మొదలైంది. అప్పుడే రేవు వస్తోందని పంటు కూత వేసింది. బద్రావీ బల్ల అంచు పట్టుకుని లేచాడు. ముక్కు చీదుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఇక తగ్గించమ్మా" అన్నాడు. "కింద చేపలు పడుకున్నాయి."

అందరికంటే ముందు నేనే మేడ దిగి అతని వెనక నిలబడ్డాను. తాడు సరిగ్గా విసిరాడు, గుంజకు బిగించాడు, గొలుసు దించాడు. పైన ఒకటి కాదు, మూడు నాలుగు ఫోన్లు మోగుతున్నాయి. అతను వెనక్కి చూడకుండా ఎడమచెయ్యి చాచాడు. జనం ఆగారు. కార్లవాళ్ళు కూడా హారన్ కొట్టలేదు. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని జేబులో పెట్టుకుని, ఒక పక్కకు జరిగి, అందరికీ దారి ఇచ్చాడు.